ఉప్పునీటికి గన్‌మెటల్

మన చర్చి యువజన సంఘం వాళ్లు పత్రిక వేస్తున్నారట. ఖిదిర్‌పూర్ డాక్‌లో నా అనుభవాలు రాయమని అడిగారు. వాళ్లలో ఒక అమ్మాయి ముందే హెచ్చరించింది: "తాతగారూ, చిన్న చిన్న మాటలు రాయండి. మాకు తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం మమ్మీకే వచ్చు." సరే, మీ అమ్మల చేత చదివించుకోండి. కాకపోతే ఓడలూ తుఫానులూ ఉంటాయని ఆశపడకండి. డాక్‌లో నేను ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేశాను, చెప్పుకోదగ్గ ప్రమాదం ఒక్కటీ జరగలేదు. నా పనిలో నేను చేసిన అతి పెద్ద తప్పు డాక్ గేటు దాటి బయటికి వచ్చేశాక, ఒక డాక్టరమ్మ ఇంటి హాల్లో, చేపల తొట్టి కింద వెల్లకిలా పడుకుని చేశాను.

ముందు డాక్ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఓడ డ్రైడాక్‌లోకి వచ్చాక నీళ్లు తోడేస్తారు. అప్పుడు మేం వెళ్లి, సముద్రపు నీటిని లోపలికి తీసుకునే వాల్వులన్నీ విప్పి, శుభ్రం చేసి, లోపల మూత ఆనే చోటుని, అంటే సీటుని, అరగదీసి మళ్లీ బిగించేవాళ్లం. ఇనుప పైపుల లోపలంతా గుల్లలు అంటుకుపోయి ఉండేవి, ఉలితో కొట్టి తీయాల్సి వచ్చేది. వాల్వు మాత్రం గన్‌మెటల్‌ది. దాని లోపల వేలు పెట్టి తిప్పితే నున్నగా తగిలేది. నాకు పని నేర్పిన మేస్త్రి శ్రీకాకుళం వైపు మనిషి. నాకు ఆ వాల్వు చూపించి, "సూసినావా? గుల్ల కూడా దీని జోలికి రాదు. ఉప్పునీటికి గన్‌మెటలే, ఇంకేటీ పనికిరాదు" అనేవాడు. నేను దాన్ని ఆ లోహానికి మెచ్చుకోలు అనుకున్నాను. ముప్పై ఏళ్లూ అలాగే అనుకున్నాను.

ఆయన రిటైరైన రోజున నాకో వాల్వు ఇచ్చాడు. ఒకటిన్నర అంగుళాలది, పాత ఓడ మీంచి తీసేసింది. నేను కుర్రతనంలో మొదటిసారి సొంతంగా సీటు అరగదీసిన వాల్వు అదే. పనికిరాని సామాన్లో పడేస్తుంటే ఆయన అడిగి తీసుకుని, ఇన్నేళ్లు దాచాడు. నా పనిముట్ల పెట్టెలో అడుగున గుడ్డలో చుట్టి ఉండేది. మా ఆవిడ దాన్ని నా రెండో పెళ్లాం అని వెక్కిరించేది.

వలంటరీ రిటైర్మెంటు తీసుకున్నాక ఇంట్లో నాలుగు నెలలు కూర్చున్నాను. అయిదో నెలలో మా ఆవిడే బయటికి పంపించేసింది. చేపల తొట్లు అమ్మే షాపు ఒకదానికి పైపుల పని తెలిసిన మనిషి కావాలంటే చేరాను. ఆ షాపు యజమానిని మాలిక్ అనేవాళ్లం. బెంగాలీ, మాటకారి. పెద్ద పెద్ద ఇళ్లలో, హోటళ్లలో గోడంత తొట్లు కట్టించేవాడు. షాపులో మేం ముగ్గురం. మాలిక్, నేను, నీళ్లు చూసుకునే ఆయన.

ఈ నీళ్లాయన కూడా తెలుగువాడే. నాకన్నా పదిహేనేళ్లు చిన్న. వాళ్ల నాన్న కార్పొరేషన్‌లో మురుగుకాలవల్లోకి దిగి పనిచేసిన మనిషి. ఆ ఉద్యోగం కొడుకుకీ వచ్చేదే, ఈయన వద్దనుకున్నాడు. పుట్టింది ఇక్కడే అయినా నోట్లో మాత్రం అచ్చం మన విజయనగరం యాసే. ఉప్పు కలపడం, నీళ్లు పరీక్షించడం షాపులోనే నేర్చుకున్నాడు. నీళ్లలో ఉప్పెంతుందో చూసే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది, కంటికి పెట్టుకుని వెలుతురు వైపు చూడాలి. దాన్ని షాపులో వదలడు, చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. ఈ ఊళ్లో మనం ఎదుటి మనిషి పేరు తెలియకపోతే దాదా అంటాం కదా, బస్సు కండక్టరైనా, చేపలమ్మేవాడైనా. అతను మొదటిరోజు నన్నూ దాదా అన్నాడు. నేను తెలుగువాణ్ణని తెలిసిన నిమిషంలో అన్నియ్య అయిపోయాను. ఒకరినొకరు నువ్వు అనుకునే చనువొచ్చింది. అన్నం డబ్బాలు కలిపి తినేవాళ్లం.

డాక్టరమ్మ హైదరాబాదు నుంచి వచ్చి న్యూ ఆలీపూర్‌లో ఫ్లాట్ కొనుక్కున్నారు. మత్తుమందు ఇచ్చే డాక్టరు. చిన్నప్పటి నుంచీ సముద్రం అంటే పిచ్చి అట. ఇంట్లో పగడాలు బతికే తొట్టి పెట్టాలని మూడేళ్లు చదువుకుని, నోటు పుస్తకాలు నింపుకుని మా షాపుకొచ్చారు. మన సముద్రంలోని పగడాలను ముట్టుకోవడం నేరం. బయటి దేశంలో తొట్లలో పెంచినవి కాగితాలతో సహా వస్తాయి, అవే తెప్పించుకుంటానన్నారు. తొట్టి ఎనిమిది అడుగుల పొడవు. కింద చెక్క అలమరలో సంపు. పైనుంచి నీళ్లు సంపులోకి దిగుతాయి, అక్కడ శుభ్రమై, మోటారు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. ఈ పైకి వెళ్లే పైపు మీద ఒక వాల్వు ఉండాలి. కథంతా ఆ వాల్వు దగ్గరే ఉంది.

డాక్టరమ్మ ఇచ్చిన పటంలో ప్రతి సామానూ ప్లాస్టిక్‌దే. నాకు ప్లాస్టిక్ అంటే చిన్నచూపు. ముప్పై ఏళ్లు ఓడల వాల్వులు బిగించిన చేతికి అది బొమ్మలా ఉంటుంది. నీళ్లు నింపాల్సిన రోజు పొద్దున వాల్వు బిగిస్తూ, అలవాటు కొద్దీ ఇంకో అర తిప్పు తిప్పాను. చిటుక్కుమంది. సన్నటి బీట. మాలిక్ అడిగితే సామానే నాసిరకం అన్నాను. అలాంటిదే ఇంకోటి బొంబాయి నుంచి రావడానికి పది రోజులు. డాక్టరమ్మ నీళ్లు నింపడం చూడాలని ఆ రోజు ఆస్పత్రికి సెలవు పెట్టుకుని కూర్చున్నారు.

నేను పెట్టె అడుగునుంచి మేస్త్రి ఇచ్చిన వాల్వు తీసి గుడ్డ విప్పాను.

నీళ్లాయన టార్చి పట్టుకున్నాడు. "ఇదేటన్నియ్యా, ఇత్తడేటి?" అన్నాడు.

"ఇత్తడి కాదురా, గన్‌మెటల్. రాగీ తగరం కలిపి పోస్తారు. కొంచెం జింకు ఉంటాది. ఉప్పునీటికి దీన్ని మించినది లేదు."

"మరి ఆవిడి ఒప్పుకుంతాదా?"

"ఆవిడికి మంచిదే సేస్తన్నాం కదా."

సీటు మీద కొత్తగా పేస్టు వేసి, వేలితో తడిమి చూసుకుని బిగించాను. చుక్క కారలేదు. అంత చక్కగా బిగిసిన జాయింటు నేను డాక్‌లో కూడా తక్కువ చూశాను. తెల్లటి, బూడిదరంగు పైపుల మధ్య అదొక్కటీ పచ్చగా మెరుస్తుంటే డాక్టరమ్మ అడుగుతారని పైన బూడిదరంగు పెయింటు పూశాను. ఎందుకు పూశాను? తప్పు చేస్తున్నానని తెలిసి కాదు. అడిగితే బీట సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని. మీరు గమనించాల్సింది ఇదే. చిన్న అబద్ధానికి పెయింటు వేస్తే దాని కింద పెద్దది కూడా దాక్కుంటుంది.

నీళ్లు నింపాక ఆరు వారాలు తొట్టిలో ఏమీ వేయకుండా నీళ్లు తిరుగుతూ ఉండాలి. కంటికి కనపడని జీవాలేవో రాళ్లలో పుట్టాలట. డాక్టరమ్మ రోజూ పొద్దున్నే తొట్టి ముందు కుర్చీ వేసుకుని ఖాళీ నీళ్లను చూస్తూ టీ తాగేవారు. ఆ నీళ్లలో ఏముందని చూస్తారో నాకు అర్థమయ్యేది కాదు. ఎండ పడకుండా మెటియాబ్రుజ్‌లో కుట్టించిన తెర వేశాం. తర్వాత రెండు చిన్న చేపలు వేశారు, బాగానే తిరిగాయి. చేపలు వేసిన మూడోవారం నత్తలు, చిన్న రొయ్యలు వేశారు. రెండో రోజుకి నత్తలు గాజు మీంచి జారి అడుగున పడి ఉన్నాయి. రొయ్యలు చచ్చిపోయాయి. మళ్లీ తెప్పించారు. మళ్లీ అదే. ఆ తర్వాత వచ్చిన మొదటి పగడాలు, అరచేయంత మెత్తటివి, ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండి నాలుగో రోజుకి కరగడం మొదలుపెట్టాయి.

షాపులో అందరి వేళ్లూ నీళ్లవైపే తిరిగాయి. నీళ్లంటే నీళ్లాయన. మామూలుగా ఫిల్టరు పట్టిన ఆర్వో నీళ్లే డబ్బాల్లో మోసి పోయాలి. ఆ ఫ్లాటుకి లిఫ్టు వారంలో రెండు రోజులు పనిచేయదు. మోయలేక కుళాయి నీళ్లు పట్టి పోశాడని మాలిక్ నమ్మేశాడు. అతను అలా పోయడం ఎవరూ చూడలేదు, చూడాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. ఒకసారి మాలిక్ నాతోనే అన్నాడు, మురుగు నీళ్లలో పెరిగినవాళ్లకి నీళ్లన్నీ ఒకటే అని. నేను ఏమీ అనలేదు. నవ్వలేదు కూడా, కానీ ఏమీ అనలేదు.

ఒక శనివారం పొద్దున డాక్టరమ్మ మా ముగ్గుర్నీ పిలిపించారు. ఆవిడకి కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది. బల్లమీద చిన్న గాజుసీసా పెట్టారు. అందులో తొట్టి నీళ్లు, మందు చుక్కలు వేస్తే రంగు మారి ఉంది.

"చేపలు మంచిగనే ఉన్నయ్. నత్తలు, రొయ్యలు, పగడాలే చచ్చిపోతున్నయ్. అట్ల వాటినొక్కటే చంపేది ఏందని రెండు వారాలు చదివిన. రాగి. ఇగో, నీళ్లల్ల రాగి ఉన్నది. ఇప్పుడు చెప్పుండ్రి, నా తొట్టిల రాగి ఎక్కడికెళ్లి వచ్చింది?"

మాలిక్‌కి తెలుగు రాదు గానీ రాగి అన్న మాటకి ఆవిడే బెంగాలీలో తామా అని చెప్పారు. అతను ఎగిరి గంతేశాడు. పాత బిల్డింగు, ఇత్తడి కుళాయిలు, ఇత్తడిలో రాగి. ఇంకేం కావాలి? "కలేర్ జల్!" కుళాయి నీళ్లు, నేను చెప్పానా లేదా అని నీళ్లాయన మీదికి వెళ్లాడు.

నాకు అప్పుడే వెలిగింది. మేస్త్రి వేలు, నున్నటి వాల్వు, చుట్టూ గుల్లలతో మూసుకుపోయిన పైపు. గుల్ల కూడా దీని జోలికి రాదు. గుల్ల దాని మీద బతకలేదు కాబట్టే రాదు. ఓడకి కావలసింది అదే. ఈ తొట్టికి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ముప్పై ఏళ్లు దేన్ని గొప్ప అనుకున్నానో ఆ గుణమే ఇక్కడ ఒక్కొక్కదాన్నీ చంపుతోంది.

నీళ్లాయన, "నేను కుళాయి నీళ్లు ఒక్క చుక్క పొయ్యలేదు" అని బెంగాలీలో రెండుసార్లు అన్నాడు. తర్వాత మాట్లాడ్డం ఆపి నా వైపు చూశాడు. మామూలుగానే చూశాడు. సాయం అడిగినట్టు కాదు, బెదిరించినట్టు కాదు. నేను గాజుసీసా వైపు చూశాను.

ఎంతసేపో చెప్పలేను, పది లెక్కపెట్టేంత సేపు అయ్యుంటుంది. ఆ పదిలో ఏ అంకె దగ్గరైనా నేను నోరు తెరవచ్చు. తెరవలేదు. నాకు భయమేసింది. ఉద్యోగం పోతుందని కాదు, నాకు పెన్షను ఉంది. డాక్‌లో ముప్పై ఏళ్లు చేసిన ఫిట్టరు ఒక పగడాల తొట్టి కట్టలేకపోయాడంటారని. అంత చిన్న భయం.

రేపట్నుంచి పనికి రావద్దని మాలిక్ అనేశాడు. నీళ్లాయన జేబులోంచి ఆ ఉప్పు చూసే గొట్టం తీసి, గుడ్డతో తుడిచి, బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్ల పని అయిదు నిమిషాల్లో తేలిపోయింది.

మర్నాడు ఆదివారం. చర్చికి వెళ్లాను. ప్రభు భోజనం ఉన్న ఆదివారం అది. తప్పు మనసులో దాచుకుని ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదు కదా. మీ తాతల్లో కొందరికి గుర్తుండే ఉంటుంది, నేను బెంచీ మీంచి లేవలేదు. జలుబు చేసిందని చెప్పాను, అందరూ తాగే గిన్నె కదా అని మెచ్చుకున్నారు కూడా. ఇంటికొచ్చి ఒక ఉపాయం ఆలోచించాను. సోమవారం ప్లాస్టిక్ వాల్వు పట్టుకెళ్లి, చిన్న రిపేరని చెప్పి మార్చేస్తే రాగి దానంతటదే తగ్గుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. కొన్నాళ్లాగి మాలిక్‌కి నచ్చజెప్పి నీళ్లాయన్ని మళ్లీ పెట్టించవచ్చు. చాలా మంచి ఉపాయం అనిపించింది. రాత్రి బాగానే నిద్రపట్టింది, అది రాయడానికే నాకు సిగ్గుగా ఉంది.

సోమవారం వెళ్లాను. అలమరలో దూరి మోటారు ఆపి వాల్వు విప్పాను. రెంచి జారి పైన పెయింటు లేచి, పచ్చటి లోహం బయటపడింది. లోపల వేలు పెట్టి తిప్పాను. నున్నగా ఉంది. ఆరు వారాలు, ఆపైన ఇంకో నెలన్నర, ప్రాణాలున్న నీళ్లలో ఉండి కూడా అద్దంలా ఉంది. పక్కనే పైపులో అప్పటికే సన్నటి జిగురు, నాచు పట్టింది. దీని మీద ఏమీ లేదు.

అలమరలోంచి బయటికి వచ్చేసరికి డాక్టరమ్మ ఆ కుర్చీలో కూర్చుని ఉన్నారు. తొట్టిలో ఆ రెండు చేపలు తప్ప ఇంకేమీ లేదు. ఆవిడ ఆ చేపల్నే చూస్తున్నారు. నేను ఏం చెప్పాలనుకుని వెళ్లానో అది చెప్పలేకపోయాను. వాల్వు తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇదమ్మా రాగి. నేను పెట్టిందే. ప్లాస్టిక్‌ది నేనే పగలగొట్టాను. ఆయన మంచి నీళ్లే పోశాడు."

ఆవిడ వాల్వుని అటూ ఇటూ తిప్పి చూశారు. బరువుగా ఉందనుకుంటా, ఒళ్లో పెట్టుకున్నారు. "మీకెప్పుడు తెలిసింది?"

"శనివారమమ్మా. మీరు సీసా చూపించినప్పుడే."

"అప్పుడు ఆయన ఈడనే ఉన్నడు కదా."

"ఉన్నాడు."

ఆవిడ నన్ను తిట్టలేదు. తొట్టి గురించి ఒక్క మాట అనలేదు. ఫోను తీసి మాలిక్‌కి చేసి, ఆ నీళ్లాయన తిరిగి వచ్చేదాకా నా తొట్టి మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దని బెంగాలీలో చెప్పి పెట్టేశారు. మాలిక్ నాకు చేసి అరిచాడు. తర్వాత ఏమన్నాడో తెలుసా? సరే దాదా, అయిందేదో అయింది, రేపు హోటల్ పని ఉంది, తొమ్మిదింటికి రండి అన్నాడు. తప్పు చేసింది నేను, నా పని ఒక్కరోజు కూడా పోలేదు. డాక్‌లో పనిచేసిన మనిషి పొరపాటు చేస్తాడు. కాలవల్లో పనిచేసిన మనిషి కొడుకు మోసం చేస్తాడు. మాలిక్ ఒక్కడే అలా అనుకున్నాడని నేను చెప్పలేను. శనివారం ఆ పది లెక్కపెట్టే సేపట్లో నేనూ ఆ ఆలోచన నీడలోనే నిలబడ్డాను.

నీళ్లాయన ఇంటికి వెళితే, బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లులో పని ఏదైనా దొరుకుతుందేమోనని బావమరిది దగ్గరికి వెళ్లాడన్నారు. మాజెర్‌హాట్‌లో లోకల్ రైలెక్కి వెళ్లాను. మిల్లు గేటు ఎదుట టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, అంతకుముందెప్పుడూ లేచేవాడు కాదు. నాకు టీ చెప్పాడు. జరిగిందంతా చెప్పాను. వాల్వు పగిలింది, పెయింటు పూసింది, నేను డాక్టరమ్మకి చెప్పింది, మాలిక్ రమ్మన్నది. అంతా విన్నాడు.

"నాకు తెల్సు," అన్నాడు.

"తెల్సా?"

"రాగీ తగరం కలిపి పోస్తారని టార్చి పట్టుకున్ననాడు సెప్పినారు కదా. ఆవిడి రాగి అనగానే తెల్సిపోనాది."

"మరి ఆళ్ల ముందు నువ్వు సెప్పలేదేటిరా!"

అతను టీ గ్లాసు వైపు చూస్తూ, "మీరు సెప్తారనుకున్నాను, దాదా" అన్నాడు.

అతను తిరిగి వచ్చాడు. తొట్టిలో రాళ్లన్నీ రాగి పీల్చుకున్నాయని తీసి పారేశాం. మొత్తం కడిగి, మొదటినుంచి కట్టాం. ఈసారి అన్నీ ప్లాస్టిక్‌వే, చేత్తోనే బిగించాను. మళ్లీ ఆరు వారాలు ఖాళీ నీళ్లు, మళ్లీ నత్తలు. నత్తలు బతికాయి. ఇప్పుడు ఆ తొట్టిలో పగడాలు రెండు చేతులంత వెడల్పు పెరిగాయి, పైపుల లోపల కూడా ఏవేవో అంటుకుని బతుకుతున్నాయట. గన్‌మెటల్ వాల్వు డాక్టరమ్మ తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు. బల్లమీద కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటున్నారని విన్నాను.

పని రెండోసారి కూడా మానేసి చాలా కాలమైంది. షాపు పైపుల పని ఇప్పుడు ఇంకెవరో చేస్తున్నారు, నీళ్ల పని మాత్రం ఆయనదే. ప్రతి క్రిస్మస్‌కి తప్పకుండా ఫోను చేస్తాడు. ఆరోగ్యం అడుగుతాడు, మా ఆవిడ మోకాళ్ల నొప్పులు అడుగుతాడు. మర్యాదలో ఏ లోటూ లేదు. మీరంటాడు, దాదా అంటాడు.